తొమ్మిదిళ్ళకు పది గోడలు

తొమ్మిది ఇళ్ళను విడివిడిగా కడితే పద్దెనిమిది పక్కగోడలు కావాలి. ఒకదానికొకటి ఆనించి వరసగా కడితే పది చాలు. ఐరాల నుంచి ముప్పావు గంట నడిస్తే వచ్చే ఒక చిన్న ఊళ్ళో అలా పది గోడల మీద నిలబడిన తొమ్మిది రాతి మిద్దెలున్నాయి. ఎప్పుడో బెల్లం వ్యాపారులు కట్టించుకున్నవి. వందేళ్ళ పైమాటే అంటారు. కాణిపాకం వచ్చినవాళ్ళు దేవుణ్ణి చూసుకుని అటునుంచి అటే పోతారు గానీ ఇక్కడిదాకా ఎవరూ రారు. నేను పోయి నాలుగు రోజులుండి వచ్చాను.

ఊరికే చూడటానికి పోలేదని ముందే చెప్పాలి. మునెమ్మక్కా నేనూ ఇరవై రెండేళ్ళు తిరుపతిలో కట్టుబడి పనులకు కలిసి పోయినవాళ్ళం. ఆమె గంప అందిస్తే నేను మోసేదాన్ని, నేను అందిస్తే ఆమె మోసేది. ఒళ్ళు సహకరించక ఇద్దరం మానేశాం. ఇప్పుడు ఆమె ఆ వరసలో నాలుగో ఇంట్లో ఉంటోంది. ఇంటివాళ్ళు చిత్తూరులో ఉంటారు. కనిపెట్టుకుని ఉండేందుకు బాడుగ లేకుండా ఉండమన్నారు. పక్కనే వాళ్ళదే మూడో ఇల్లు ఖాళీ. వచ్చి అందులో ఉండమని మూడేళ్ళుగా ఫోన్ చేస్తూనే ఉంది. నాకు పిల్లల్లేరు, మా ఆయన పోయి ఐదేళ్ళయింది. సత్యవేడులో ఒకరింట్లో పాచిపని చేస్తూ వాళ్ళ పెరట్లో గదిలో ఉంటాను. ఆ గది ఒక్క మనిషికే ఇచ్చారు. చుట్టాలు వచ్చినా రాత్రికి ఉండకూడదు. ఇల్లు నచ్చితే అక్కడే ఉండిపోదామని బయలుదేరాను.

సత్యవేడు

నేను యాభై దాటాక అక్షరాలు నేర్చుకున్నదాన్ని. బస్సు బోర్డు చదవగలను గానీ తీరిగ్గా చదవాలి. ఆ పొద్దు తిరుపతి బస్సు వచ్చి నిలబడితే, ఇంకెవరినీ అడగకూడదని పట్టుబట్టి, నాగలాపురం, పుత్తూరు అని ఒక్కో ఊరూ కూడబలుక్కుంటున్నాను. ఆఖరి ఊరి దగ్గరికి వచ్చేసరికి బస్సు కదిలి వెళ్ళిపోయింది. పక్కన వేరుశనగకాయలు అమ్ముకునే ఆమె నవ్వి, "అది తిరప్తి బస్సే కదమ్మా, ఎక్కకుండా ఏం జూస్తా ఉండావు?" అంది. చదువుతున్నానని చెప్పడానికి సిగ్గేసి, మనిషి కోసం చూస్తున్నానన్నాను. గంటసేపు ఆమె పక్కనే కూర్చున్నాను. పది రూపాయల కాయలు కొంటే ఇంకో గుప్పెడు ఒళ్ళో పోసి, రాని మనిషి కోసం ఎదురుచూడొద్దని బుద్ధి చెప్పింది.

తిరుపతి

బస్టాండు నుంచి కొంచెం లోపలికి పోతే ఒక లాడ్జి ఉంది. నాలుగు అంతస్తులు. మూడో అంతస్తు దాకా ఇటుకా ఇసుకా మేమిద్దరం మోసినవే. అప్పుడు మెట్లు లేవు. సర్వి కట్టెలతో కట్టిన పరంజా, మేం సారువ అంటాం, దాని మీద పలకలు ఊగుతుంటే ఎక్కేవాళ్ళం. ఇన్నేళ్ళలో ఆ మెట్లు ఒక్కసారైనా ఎక్కలేదని గుర్తొచ్చి లోపలికి పోయాను. కౌంటర్లో ఉన్నతను మర్యాదగానే మాట్లాడాడు. గది తీసుకున్నవాళ్ళనే పైకి పంపుతారట. ఊరికే మెట్లు చూసి వస్తానంటే నా చేతిసంచి వైపు చూసి, నీళ్ళు కావాలంటే తాగి పొమ్మన్నాడు. తాగి వచ్చేశాను. చల్లగా ఉన్నాయి.

బయట బండి దగ్గర నాలుగు ఇడ్లీలు నలభై రూపాయలు. మా ఊళ్ళో ఆ డబ్బుకు సాంబారు గిన్నెడు పోస్తారు. ఇక్కడ చట్నీ రెండోసారి అడిగితే మొహం చూస్తారు. నా పక్కన ఒక ముసలమ్మ, అప్పుడే గుండు చేయించుకుని గంధం పూసుకున్నది, తనవాళ్ళు తప్పిపోయి ఏడుస్తూ నిలబడింది. కన్నడం తప్ప ఏమీ రాదు. చేయి పట్టుకుని కూర్చోబెట్టి రెండు ఇడ్లీలు పెట్టాను. అరగంటకు ఆమె మనుషులు పరిగెత్తుకుంటూ వచ్చారు, అందరివీ గుండ్లే. అందరూ కలిసి ఆమెను తిట్టారు, ఆమె కూడా తిట్టింది. తిట్టుకుంటూనే ఒకరి చేయి ఒకరు పట్టుకుని గుంపుగా వెళ్ళిపోయారు. వాళ్ళు కనబడినంతసేపూ చూశాను. ఆ తర్వాత కాణిపాకం బస్సు దొరికింది.

ఐరాల

కాణిపాకంలో బస్సు మారి ఐరాలలో దిగేసరికి ఇంకా ఎండ తగ్గలేదు. హోటల్లో రాగి సంగటి, వేరుశనగలు నూరిన ఊరిబిండి పచ్చడి పెట్టారు. మా వైపు సంగటిలో నూకలు ఎక్కువ వేస్తారు, మెత్తగా జారుతుంది. ఇక్కడిది ముద్ద గట్టిగా, రాయిలాగా ఉంటుంది. ఆ పక్క రాళ్ళే రాళ్ళు గదా, తిండి కూడా అంతేనేమో అనుకున్నాను.

మునెమ్మక్క తమ్ముడు ఐరాలలోనే ఉంటాడు. మొదట ఆమె అక్కడే ఉండేది. తమ్ముడి భార్య ఏమీ అనదట, కానీ అన్నం పెట్టేటప్పుడు మొహం పక్కకు తిప్పుకుని పెడుతుందట. ఆ పక్కకు తిప్పిన మొహం చూడలేకే మిద్దెల్లోకి పోయానని ఫోన్లో చాలాసార్లు చెప్పింది. ఆ ఇంటి మీదుగా పోకుండా ఊరు చుట్టి నడిచాను.

తొమ్మిదిళ్ళు

దూరం నుంచి చూస్తే అది ఒక్కటే పొడుగాటి ఇల్లు. దగ్గరికి పోతే తొమ్మిది తిన్నెలు, తొమ్మిది వాకిళ్ళు. తిన్నె మీద కూసాలు, అంటే ఒంటిరాతి స్తంభాలు, మనిషి కంటే జానెడు ఎత్తు. వాటిని బండ నుంచి మేకులతో చీల్చి తీసిన గుర్తులు, వరసగా పంటి గాట్లలాగా, ఇంకా ఉన్నాయి. వాకిలి చట్రం కూడా రాయే. వంగితేనే లోపలికి పోగలం.

గోడలు మూరన్నర మందం. అడుగున పడుకున్న ఎనుముగొడ్డంత రాళ్ళు, పైకి పోయేకొద్దీ చిన్నవి. సున్నం లేదు, సిమెంటు లేదు. సందుల్లో రాతి చిప్పలు బిగించారు. ఇలాంటి గోడ నిజానికి రెండు గోడలు. అటు ఒక ముఖం, ఇటు ఒక ముఖం, మధ్యలో పిచ్చిరాళ్ళు. రెండు ముఖాలూ విడిపోకుండా అక్కడక్కడా ఈ వైపునుంచి ఆ వైపుకు పొడుగు రాయి దూరుస్తారు. దాన్ని కట్టురాయి అంటాం. ఆ రాయి తక్కువైనా, పైన బరువు ఎక్కువైనా ముఖాలు విడతాయి, గోడకు పొట్ట వస్తుంది.

నాకు అన్నిటికంటే నచ్చింది బెల్లం గది. ప్రతి ఇంట్లో వెనక ఉంది. నేలకు పరిచిన బండలు కొంచెం వాలుగా ఉంటాయి. బండల మధ్య వేలు పట్టే గాడి చెక్కారు. వానాకాలం గాలికి బెల్లం కరిగి కారేది గాడి వెంట పోయి మూలనున్న రాతితొట్టిలో పడుతుంది. ఒక్క చుక్క పోదు. మా వైపు పెంకుటిళ్ళలో ఇంత ఆలోచన నేను చూడలేదు. మాకు తుపాను వాన ఇంటిమీద నిలవకపోతే చాలు.

పైకప్పు గోడనుంచి గోడకు పరిచిన రాతి బండలు. మధ్యగోడ మీద ఇటు ఇంటి బండ సగం, అటు ఇంటి బండ సగం ఆనుతాయి. కాబట్టి ఇక్కడ ఎవరికీ తమదైన ఇల్లంటూ పూర్తిగా లేదు, సగం పక్కింటి గోడే. ఐదో ఇంటి నుంచి చివరిదాకా కప్పులు పడిపోయి గోడలే మిగిలాయి. మొదటి ఇంట్లో ఖాజా అని ఒక టైలరు తిన్నె మీద మిషను పెట్టుకున్నాడు. రెండోది ఎవరి పంపకంలోనిదో, పాత సామాను వేసి తాళం వేశారు. మూడోది నాకు. నాలుగోది మునెమ్మక్కది.

ఆమె మూడో ఇంటిని అలికి ముగ్గువేసి పెట్టింది. పొయ్యిరాళ్ళు మూడు, కొత్త చాప, గూట్లో దీపం. తలుపు దగ్గర నిలబడి, "ఎట్ల ఉండాది మే సుగుణా? నీ చర్చి కూడా ఐరాలలో ఉండాది, ఆదివారం నడిసిపోవచ్చు," అంది. నాకు ఎంత సంతోషమయిందంటే, గదంతా తిరిగి గోడలను చేత్తో తడిమాను. అలా తడుముతూ పోతుంటే మూడో ఇంటికీ నాలుగో ఇంటికీ మధ్యగోడ దగ్గర నా అరచేతిని బయటికి తోసినట్టయింది. రాయి ఉబ్బి ఉంది. పైన మూలలో చీలిక, నా చిటికెన వేలు దూరేంత.

సున్నం పట్టీ

పాత చీలిక అయితే భయం లేదు. కదిలే చీలిక అయితేనే భయం. అది తెలుసుకోవడానికి మేస్త్రీలు చీలికకు అడ్డంగా పలుచగా సున్నం పట్టీ వేస్తారు. గోడ కదిలితే పట్టీ తెగుతుంది. సాయంత్రం మునెమ్మక్క ఆకువక్క పెట్టెలో సున్నం అడిగి తీసుకుని, వేసుకుంటున్నట్టు నటించి, చీలిక మీద రాశాను.

తెల్లవారి చూస్తే పట్టీ మధ్యలో వెంట్రుక గీత. ఆకుసున్నం ఆరితే దానంతట అదే పగులుతుంది గదా అనుకున్నాను. కొంగుతో తుడిచేశాను. ఆ పొద్దంతా మునెమ్మక్కతో కబుర్లు. ఏ మేస్త్రీ ఎవరిని ఏమన్నాడో, వాన్లో తడిసిన సిమెంటు మూట మీద ఎవరు కూర్చుని అతుక్కుపోయారో. మధ్యాహ్నం ఉలవచారు కాచింది. అయిదేళ్ళలో నేను అంతసేపు మాట్లాడింది లేదు.

సాయంత్రం మళ్ళీ సున్నం తీసుకున్నాను. ఈసారి రెండు పట్టీలు వేశాను. ఒకటి చీలిక మీద, ఇంకొకటి బాగున్న గోడ మీద. సున్నం తప్పయితే రెండూ పగలాలి.

మూడో రోజు పొద్దున బాగున్న గోడ మీది పట్టీ గుడ్డు పెంకులాగా నున్నగా ఉంది. చీలిక మీదిది రెండు ముక్కలు.

నేను అక్కడే నిలబడి ఉండగా ఖాజా నీళ్ళ బిందెతో పోతూ తొంగిచూశాడు. "ఏమమ్మా, గోడకు నాడి జూస్తా ఉండావా?" అన్నాడు. నేను నవ్వలేదని చూసి లోపలికి వచ్చాడు. చీలిక చూపించాను. పైన ఏమైనా బరువుందా అని అడిగాను. అతను బిందె దించి కప్పు వైపు చూశాడు.

"మన్ను," అన్నాడు. "ఏటా వానలకు ముందర మిద్దె మీద చౌటిమన్ను పోస్తారు గదా, నీళ్ళు దిగకుండా. మా నాయన పాతది గీకి దించినాకనే కొత్తది పోసేవోడు. ఆయమ్మకు అది తెల్దు. మూడేండ్లుగా పాతదాని మీదనే పోస్తా ఉండాది, రెండు మిద్దెలకూ. చెప్తే కోపం పడతాది. మగోడు పెట్టిన వంకలు ఆమెకు పట్టవు."

మిద్దె ఎక్కి చూశాను. ఖాజా ఇంటి మీద మన్ను జానెడు. మాది మోకాలి లోతు. మూరన్నర గోడ మీద రెండు ఇళ్ళ బరువు. పైన చదునుగా తట్టి, నీళ్ళు పోయేందుకు ఎంతో శ్రద్ధగా వాలు పెట్టింది మునెమ్మక్క. పని తెలిసిన చెయ్యి అది. మేము కట్టినవన్నీ ఇటుకా సిమెంటూ గనక, చౌటిమన్ను ఎలా పొయ్యాలో మాకెవరూ చెప్పలేదు.

చెప్పకుండా ఉంటే ఏమవుతుందని కూడా ఆలోచించాను. దాయను. ఇన్నేళ్ళు నిలబడింది, మా ఇద్దరి ఆయుష్షు దాకా నిలబడదా అనుకున్నాను. ఆ కబుర్లు ఇంకో పదేళ్ళు దొరికితే చాలనుకున్నాను. కానీ ఆమె మంచం తల వైపు ఆ గోడకే ఆనించి ఉంది.

అన్నాల వేళ

మధ్యాహ్నం సంగటి పెడుతుంటే చెప్పాను. గోడ కదులుతోందని, మన్ను బరువని, రెండిళ్ళలో ఎవరూ పడుకోకూడదని. ఆమె గరిటె దించింది.

"రావాల్లని లేకుంటే రానని సెప్పు మే. గోడ మీద ఎందుకు పెడతావు?"

"అక్కా, నేను వచ్చేదానికే వచ్చినాను. నువ్వే సూడు ఆ సున్నం."

"సున్నం నాకు సూపిస్తావా? నా పెట్టెలో సున్నంతోనే?" అంది. ఆ తర్వాత గొంతు తగ్గించి, "నా మిద్దె కారినా పర్లేదనుకున్నాను. నువ్వొస్తే కారకూడదని ఆ మిద్దె మీదికే ముందర మన్ను మోసినాను. మూడేండ్లు. నీకోసరమే," అంది.

గోడ సంగతి ఇంటివాళ్ళకు తెలిస్తే వరసంతా విప్పి రాళ్ళు అమ్మేస్తారని, రాతి కూసాలకు ఇప్పుడు గిరాకీ ఉందని, ఖాజాకు కూడా చోటు పోతుందని తర్వాత చెప్పింది. వాళ్ళకు చెప్పనని మాటిచ్చాను. నువ్వు మాత్రం తమ్ముడి ఇంటికి పో అన్నాను. ఆమె తన పళ్ళెం తీసుకుని తిన్నె మీదికి పోయి, వీధి వైపు తిరిగి తినింది. ఆ రాత్రి ఆమె తన తిన్నె మీద, నేను నా తిన్నె మీద పడుకున్నాం.

మిద్దె మీద

నాలుగో రోజు పొద్దున ఖాజా దగ్గర పార అడిగి తీసుకుని మిద్దె ఎక్కాను. మన్ను గట్టిపడి ఉంది. గీకి, గంపకెత్తి, వెనక వైపు పోశాను. పది గంపలకే నడుము పట్టేసింది. కింద తిన్నె మీద మునెమ్మక్క వీపు కనబడుతోంది. పనికి రమ్మని నేను పిలవలేదు, ఆమె పైకి చూడలేదు.

పొద్దు నెత్తికెక్కాక నిచ్చెన కదిలింది. ఆమె ఇంకో గంపతో పైకి వచ్చింది. నేను నింపాను, ఆమె అందుకుంది. కాసేపటికి ఆమె నింపింది, నేను అందుకున్నాను. చేతులకు పని గుర్తుంది. ఎవరి అడుగు ఎప్పుడు పడాలో చెప్పుకోవలసిన పని లేదు. పొద్దు వాలేసరికి మూడో మిద్దె మొత్తం, నాలుగో మిద్దె సగానికి పైగా, గోడకు ఆనిన వైపంతా తేలికయింది. ఖాజా తన ఇంటి నుంచి టీ కాచి నిచ్చెన కింద పెట్టి వెళ్ళాడు.

టీ తాగుతూ ఆమె అప్పుడు అడిగింది, "ఇంక బాగైనట్టేనా?"

అవునని చెప్పి ఉంటే ఆ రాత్రి ఇద్దరం ఇంట్లోనే పడుకునేవాళ్ళం. పొట్ట వచ్చిన గోడ బరువు దించినంత మాత్రాన వెనక్కి పోదు, రాళ్ళు దింపి మళ్ళీ కట్టాలి. ఆమెకూ తెలుసు. కొత్తవి కట్టే ముందు ఇలాంటి పాత గోడలు ఎన్ని దింపామో ఇద్దరం. అయినా నా నోటితో వినాలని అడిగింది.

"కట్టాల్సిందే అక్కా," అన్నాను.

గ్లాసు బోర్లించి లేచింది. బట్టలు మూట కట్టుకుంది. ఐరాల దాకా ఆమె ముందు, నేను వెనక నడిచాం. తమ్ముడి ఇంటి ముందు నిలబడితే తమ్ముడి భార్య రమ్మంది, నీళ్ళిచ్చింది. మొహం నిజంగానే పక్కకు తిప్పుకుంది. మునెమ్మక్క మూట దించి గడపలో కూర్చుంది. వెళ్ళొస్తానంటే తలూపింది. నేను చివరి బస్సుకు తిరుపతి చేరి, తెల్లవారి సత్యవేడు బస్సెక్కాను.

తిరిగి వచ్చాక

నెలన్నర ఫోన్ లేదు. నేను చేస్తే మోగి మోగి ఆగిపోయేది. ఆదివారాలు చర్చిలో ఆమె పేరు చెప్పి ప్రార్థన చేయించాలనుకుని, ఏమని చేయించాలో తెలియక మానేశాను. గోడ నిలవాలనా, పడిపోవాలనా?

తర్వాత తుపాను పట్టింది. మా వైపూ చిత్తూరు వైపూ మూడు రోజులు విడవని వాన. మూడో రోజు సాయంత్రం ఫోన్ మోగింది.

"నిలబడే ఉండాది మే," అంది మునెమ్మక్క. పలకరింపు లేదు.

"మన్ను దించినాం గదక్కా," అన్నాను.

"ఊఁ."

అక్కడ వానేనా అని అడిగితే, కుండపోతగా పడుతోందంది. అప్పుడు తట్టింది నాకు. ఆమె తమ్ముడిది రేకుల ఇల్లు. అంత వానకు రేకుల కింద మనిషి మాట మనిషికి వినబడదు. ఆమె మాట నాకు బావిలోంచి వచ్చినట్టు స్పష్టంగా, చుట్టూ మోగుతూ వినబడుతోంది. రాతి గదిలో తప్ప గొంతు అలా మోగదు.

మళ్ళీ మిద్దెలోకి ఎప్పుడు వెళ్ళావని అడగలేదు. ఎందుకు వెళ్ళావనీ అడగలేదు. మొహం పక్కకు తిప్పి పళ్ళెం పెడితే ఎన్నాళ్ళు తినగలదు ఎవరైనా?

"మంచం ఆ గోడకు దూరంగా ఏసుకో అక్కా," అన్నాను.

"ఏసుకున్నాలే," అని పెట్టేసింది.